బడి మానేసిన పిల్లల కోసం శాంతా సిన్హా గారు ఏం చేశారు? మన నెల్లూరు పల్లెల్లో ఇప్పుడు పనికొస్తుందా?

కోవూరు అమ్మాయి:

అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాను, మాది కోవూరు దగ్గర పల్లె. మా వీధి దాటితే కాలవ గట్టున యానాదుల ఇళ్ళు ఉన్నాయి, ఎస్టీలు వాళ్ళు. అక్కడ ఒక పాప ఉంది, పదకొండేళ్ళు ఉంటాయేమో, మూడో తరగతి దాకా వచ్చి మానేసింది. వాళ్ళమ్మ తెల్లారకముందే నాట్లకో, నాట్లు లేకపోతే రొయ్యల షెడ్డుకో పోతుంది, నాన్న చెరువుల కాపలా. ఇంట్లో ఏడాదిన్నర తమ్ముడు. పొద్దస్తమానం వాడు ఈ పిల్ల చంకలోనే ఉంటాడు. నీళ్ళు మోయడం, అన్నం వండడం, పుల్లలు ఏరుకురావడం అన్నీ ఈ పిల్లే. మధ్యాహ్నం బడిలో భోజనం గంట కొట్టగానే వాణ్ణి చంకనేసుకుని గోడ బయట నిలబడుతుంది.

ఊళ్ళో ఎవర్ని కదిలించినా "వాళ్ళకి పూట గడవాలి కదమ్మా, చదువెక్కడ" అంటారు. ఇంకా బాధేమిటంటే ఆ పిల్ల పని చేస్తోందని కూడా ఎవరూ అనుకోరు, ఇంట్లోనే ఉంది కదా అంటారు.

మొన్న క్లాసులో మా సార్ శాంతా సిన్హా గారి గురించి చెప్పారు, ఆవిడ నెల్లూరులోనే పుట్టారని, మెగసెసే అవార్డు వచ్చిందని. నెట్‌లో వెతికితే అవార్డులు, పదవులు వస్తున్నాయి గానీ నాకు కావాల్సింది దొరకడం లేదు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకునే మనిషి ఊళ్ళ మీదికి ఎందుకు వెళ్ళారు, పిల్లల్ని పనిలో పెట్టుకున్న ఆసాముల్నీ తల్లిదండ్రుల్నీ ఎలా ఒప్పించారు, ఆ పద్ధతి ఈ పాపకి పనికొస్తుందా? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి ప్లీజ్.

పాత వాలంటీర్, ఒంగోలు:

చెల్లెమ్మా, నేను కుర్రతనంలో రంగారెడ్డి జిల్లాలో ఈ పిల్లల క్యాంపుల్లో పనిచేశాను, అందుకని కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఆవిడ 1950 జనవరి 7న నెల్లూరులో పుట్టారు, చదువు మాత్రం సికింద్రాబాద్, హైదరాబాద్. ఉస్మానియాలో పొలిటికల్ సైన్స్ ఎం.ఏ., తర్వాత ఢిల్లీ జేఎన్‌యూలో పీహెచ్‌డీ, ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. వాళ్ళ తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య గారు, పద్మభూషణ్ వచ్చిన చరిత్రకారుడు, మీ నెల్లూరు జిల్లా పురిణి ఆయన ఊరు. ఆయన పేరు మీద 1981లో కుటుంబం ఒక ఫౌండేషన్ పెట్టింది, ఎం.వి. ఫౌండేషన్ అంటారు చూడు, అదే. మొదట్లో అది సామాజిక విషయాల మీద పరిశోధన కోసం పెట్టిన సంస్థ, పిల్లల పని తర్వాత వచ్చింది.

ఆవిడ ఊళ్ళలోకి వెళ్ళింది కూడా పిల్లల కోసం కాదు. 80ల్లో యూనివర్సిటీ తరఫున శ్రామిక విద్యాపీఠం అని కూలీలకు చదువు, హక్కులు చెప్పే కార్యక్రమం ఉండేది, దాని బాధ్యత ఆవిడ తీసుకున్నారు. రంగారెడ్డి పల్లెల్లో జీతగాళ్ళను, అంటే అప్పు కింద ఆసామి దగ్గర ఏళ్ళ తరబడి వెట్టి చేసేవాళ్ళను, కూడగట్టడం పని. వెట్టి రద్దు చట్టం 1976లోనే వచ్చింది, కాగితం మీద. తీరా వెళ్ళి చూస్తే ఆ జీతగాళ్ళలో చాలామంది పిల్లలే. నాన్న చేసిన అప్పుకి పదేళ్ళ పిల్లవాడు గొడ్లు కాస్తుంటాడు. పెద్దవాళ్ళను విడిపించినా వాళ్ళ జాగాలోకి పిల్లలు వెళ్తుంటే వెట్టి ఎప్పటికి పోతుంది? అక్కడ ఆవిడ దృష్టి పిల్లల మీదికి మళ్ళింది. 1987లో వెట్టి నుంచి విడిపించిన పిల్లల్ని కూర్చోబెట్టి మూడు నెలల క్యాంపు పెట్టారు, బడికి పంపేముందు తయారు చేయడానికి. 1991 నుంచి ఫౌండేషన్ పూర్తిగా ఈ పనిలోకి దిగింది. తర్వాత బ్రిడ్జి కోర్సు అని దేశమంతా చెప్పుకున్నది దీని నుంచి పెరిగిందే.

క్యాంపు అంటే పుస్తకాలు ముందరేసి అఆలు దిద్దించడం కాదు. ఏళ్ళ తరబడి గొడ్ల వెంట తిరిగినవాణ్ణి తీసుకెళ్ళి ఒకటో తరగతిలో ఆరేళ్ళ పిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుతో మర్నాడే పారిపోతాడు. వాడికి పలకరింపు కావాలి, పాటలు, కథలు, తన ఊరి పేరు తను రాసుకోవడం, న్యూస్‌పేపర్‌లో అక్షరాలు పట్టుకోవడం. పెద్దపిల్లలు చాలా త్వరగా అందుకుంటారు, నేను కళ్ళారా చూశాను. కొన్ని నెలలు పోయాక వాడి వయసు పిల్లలున్న తరగతిలోనే చేర్పించేవాళ్ళం. మొదటి వారం రాత్రిళ్ళు ఏడ్చేవాళ్ళు, అమ్మ కోసం కాదు, "మా బర్రెకి నీళ్ళెవరు పెడతారు" అని ఏడ్చిన పిల్లవాడు నాకు ఇంకా గుర్తే.

ఇక ఒప్పించడం సంగతి. ఆసామి మీద కేసు పెట్టి మొదలుపెట్టేవాళ్ళం కాదు. ఊళ్ళో కుర్రాళ్ళను, అందులో మొదటితరం చదువుకున్నవాళ్ళను కలుపుకుని ఇల్లిల్లూ తిరిగి ఏ పిల్ల బడికి పోతోంది ఏ పిల్ల పోవట్లేదు రాసుకునేవాళ్ళం. ఆ లిస్టు సర్పంచి ముందు, టీచర్ల ముందు, ఆసాముల ముందు చదివేవాళ్ళం. పేరు పెట్టి చదివితే ఎవరికైనా తప్పించుకోవడం కష్టం. ఒక్క పిల్లవాణ్ణి వదలడానికి ఆసామి ఇంటికి ఎన్నిసార్లయినా తిరగాలి, కోపం తెచ్చుకోకూడదు. అట్లా వదిలిన ఆసాములే తర్వాత పిల్లలకి పుస్తకాలు కొనిచ్చిన ఊళ్ళున్నాయి.

నీ పాప విషయంలో పనికొచ్చే మాట ఒకటి. శాంతా సిన్హా గారు మొదటినుంచీ పట్టుబట్టింది ఇదే: బడికి పోని పిల్ల ఎవరైనా సరే బాలకార్మికురాలే. కూలి తీసుకుంటోందా, ఫ్యాక్టరీలో ఉందా, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుంటోందా అన్నది లెక్క కాదు. అప్పటి 1986 చట్టం ప్రమాదకరమైన పనుల్లో మాత్రమే పిల్లల్ని వద్దంది, మిగతా పనుల్ని కొన్ని షరతులతో చేయించుకోవచ్చంది. పిల్లలకి ప్రమాదం లేని పని అంటూ ఉండదని ఆవిడ వాదన. నీ ఊళ్ళోవాళ్ళు "ఇంట్లోనే ఉంది కదా" అంటున్నారు చూడు, సరిగ్గా ఆ మాట మీదే ఆవిడ పోరాటం.

మార్కాపురం మాస్టారు:

రిటైరైన టీచర్ని, మాది మార్కాపురం. పైన తమ్ముడు రాసిందంతా నిజం. మన ప్రకాశం జిల్లా సంగతి కూడా తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ఒకప్పుడు దేశంలో బడిపిల్లల చేతిలో పలక ఉందంటే అందులో చాలావరకు మా మార్కాపురం నుంచి పోయినవే. క్వారీలోంచి రాయి తెచ్చి, ఉలితో పొరలుగా చీల్చి, కొలతకి కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగిస్తారు. రుద్దడం దగ్గర, కోత దగ్గర లేచే పొడి చూడాలి, కనురెప్పల మీద పేరుకుంటుంది. ఆ షెడ్లలో చిన్నపిల్లలు పనిచేసేవాళ్ళు. నాతో కలిసి ఐదో తరగతి చదివినవాడు పలకల షెడ్డుకి వెళ్ళిపోయాడు, నలభై నిండకముందే ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. 1988లో కేంద్రం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడితో పాటు మార్కాపురం పలకల పరిశ్రమనీ తీసుకుంది. అంటే దేశం లెక్కలో మన ఊరు ఆ వరసలో ఉండేది.

ఆ ప్రాజెక్టు కింద పనిపిల్లలకి స్పెషల్ స్కూళ్ళు పెట్టారు. ఊళ్ళలో అనియత విద్యా కేంద్రాలని సాయంత్రం బళ్ళు కూడా నడిచేవి, పగలంతా పనిచేసి రాత్రి లాంతరు కింద రెండు గంటలు చదువు. నేను ఒక కేంద్రం చూశాను, పిల్లలు కూర్చున్నచోటే నిద్రపోయేవాళ్ళు. శాంతా సిన్హా గారు గట్టిగా వ్యతిరేకించింది ఈ ఏర్పాటునే. ఉన్నోళ్ళ పిల్లలకి పగటి బడి, కూలోళ్ళ పిల్లలకి రాత్రి బడి ఏమిటి, పిల్లలందరికీ ఒకటే బడి, పగటిపూట, పూర్తిగా అన్నారు. చాలామందికి అది కుదరని పని అనిపించింది ఆరోజుల్లో. నాకు మాత్రం ఆవిడ చేసిన పెద్దపని ఇదేననిపిస్తుంది, క్యాంపులకన్నా కూడా.

ఇంకొకటి, ఆవిడ టీచర్లని దోషుల్ని చేయలేదు. బాలకార్మిక విమోచన వేదిక అని సర్కారు టీచర్లే సంఘంగా ఏర్పడి ఆ ఫౌండేషన్‌తో కలిసి పనిచేశారు. తరగతిలో అరవైమంది ఉంటే ఇంకో ఇరవైమందిని ఎక్కడ కూర్చోబెట్టాలి అని టీచరు అడిగితే, ఊరే ఇంకో టీచరుకి జీతం సర్దడం, గది కోసం అధికారుల దగ్గరికి పోవడం లాంటివి జరిగాయి. అమ్మా, నువ్వు కూడా బడికి వెళ్ళి హెడ్మాస్టర్‌తో పోట్లాట పెట్టుకోకు. ఆయన్ని నీ వైపు తెచ్చుకో.

పొదిలి రైతు:

అందరూ బాగానే చెప్తున్నారు. నాకు ఒక అనుమానం ఉంది, ఎవరినీ తక్కువ చేయడానికి కాదు. నేను చిన్నప్పుడు పొగాకు సీజన్లో బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) దగ్గర ఆకు అందించేవాణ్ణి, మా అమ్మావాళ్ళు కర్రలకి అల్లేవాళ్ళు, చేతులు నల్లగా జిగురు పట్టి రాత్రి అన్నం చేదుగా ఉండేది. అయినా ఇంటర్ దాకా చదువుకున్నాను. ఇంటి పని చేస్తే తప్పేంది? రెండోది, మా పడమటి మండలాల్లో వాన లేకపోతే ఊళ్ళకి ఊళ్ళు మిరపకోతలకి గుంటూరు వైపు, బిల్డింగు పనులకి హైదరాబాద్, బెంగళూరు పోతాయి. పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి పోవాలి? బీదరికం పోకుండా పిల్లల్ని బడికి పంపండి అంటే ఆ ఇంటికి రోజు గడిచేదెట్లా? ఇది ప్రొఫెసర్లకి అర్థమవుతుందా అని అడుగుతున్నా.

పాత వాలంటీర్, ఒంగోలు:

అన్నా, నువ్వు అడిగింది ఆవిణ్ణి ఎన్ని వేలసార్లు అడిగుంటారో. నాకు తెలిసినంతలో జవాబు చెప్తాను.

ఒకే వీధిలో, ఒకే కూలి మీద బతికే రెండిళ్ళు తీసుకో. ఒక ఇంటి పిల్లలు బడికి పోతారు, ఇంకో ఇంటి పిల్లలు పోరు. బీదరికమే కారణమైతే రెండిళ్ళూ ఒకేలా ఉండాలి కదా. సర్వేకి పోయినప్పుడు ప్రతి ఊళ్ళో ఇదే కనపడేది. తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి అడిగితే చదువు వద్దన్నవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళు ఆగిపోయేది ఎక్కడంటే, బర్త్ సర్టిఫికెట్ తెమ్మంటారు, ఫారం నింపమంటారు, జూన్ దాటింది పొమ్మంటారు, పిల్లవాడు నాలుగు రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు, టీచరు ఏదో అంటే తిరిగి అడిగే ధైర్యం ఉండదు. చదువుకున్న ఇంట్లో ఇవన్నీ చిటికెలో పరిష్కారమవుతాయి. చదువురాని ఇంట్లో ప్రతిదీ ఒక కొండ. ఆ తల్లి పక్కన ఎవరైనా నిలబడి బడి దాకా నడిస్తే చాలు, ఆ కొండ దిగిపోతుంది. వాలంటీర్ల పనంతా అదే.

కూలి సంగతి. పిల్లలు తక్కువ కూలికి దొరుకుతుంటే పెద్దవాళ్ళ కూలి పెరగదు. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పని ఉంటుంది, సాయంత్రం ఒక పువ్వులో కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున ఇంకో రకం పుప్పొడి దానికి అంటించాలి, ఒక్కో పువ్వుకీ చేత్తో. సీజన్ మొదలవ్వకముందే తల్లిదండ్రులకి అడ్వాన్సు ఇచ్చి ఆడపిల్లల్ని మాట్లాడుకునేవాళ్ళు, పురుగుమందు కొట్టిన చేలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి. వాళ్ళు ఎత్తు తక్కువ కాబట్టి మొక్కకి సరిపోతారని చెప్పేవాళ్ళు గానీ అసలు సంగతి కూలి తక్కువ. ఎం.వి. ఫౌండేషన్ దాని మీద ఏళ్ళ తరబడి పోరాడింది, రైతులతోనూ, విత్తనాల కంపెనీలతోనూ మాట్లాడింది.

నువ్వు చదువుకున్నావు, సంతోషం. నీతో పాటు ఆకు అందించిన పిల్లలు ఎంతమంది ఇంటర్ దాకా వచ్చారో నాకన్నా నీకే బాగా తెలుసు. 2016లో చట్టం మార్చి పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు, మంచిదే, కానీ కుటుంబం చేసుకునే పనికి బడి వేళలు కాని సమయంలో సాయపడవచ్చని సందు ఉంచారు. శాంతా సిన్హా గారు దాన్ని బహిరంగంగానే తప్పుపట్టారు. ఇంటి పని పేరుతో ఎక్కువగా మునిగేది ఆడపిల్లలే కాబట్టి. వలసలకి మాత్రం నీ మాట ఒప్పుకోవాల్సిందే, తల్లిదండ్రులు పోయినన్నాళ్ళు పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టళ్ళు నడుస్తాయి, మీ మండలంలో ఉందో లేదో ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో గట్టిగా అడగండి, వలస మొదలయ్యాక కాదు, ముందే.

నెల్లూరు లాయరమ్మ:

లేటుగా చూశాను ఈ చర్చ. మొదట మన జిల్లా గురించి రెండు మాటలు. కూలిజనానికి చదువు మీద మనసు లేదని నెల్లూరు జిల్లాలో మాత్రం ఎవరూ అనకూడదు. 90ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు, దూబగుంట రోశమ్మ గారిలాంటి వాళ్ళు, పాఠం చదివి వెళ్ళి సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అదే కాలంలో అక్కడ రంగారెడ్డిలో శాంతా సిన్హా గారు పిల్లల పని చేస్తున్నారు. అంతకు చాలా ముందే, 1923లో, పొణకా కనకమ్మ గారు నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరీదేవి విద్యాలయం పెట్టారు. నేను అక్కడే చదువుకున్నాను, మా అమ్మ కూడా అక్కడే.

శాంతా సిన్హా గారికి మెగసెసే వచ్చింది 2003లో. 2007లో కేంద్రం జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్ ఏర్పాటు చేస్తే మొదటి చైర్‌పర్సన్ ఆవిడే, రెండు విడతలు ఉన్నారు. అప్పుడది కొత్త కమిషన్, ఎట్లా నడుస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ మొదటి ఏడాదే ఛత్తీస్‌గఢ్‌లో గొడవలకి దంతెవాడ నుంచి పారిపోయి ఖమ్మం అడవుల్లోకి వచ్చిన కుటుంబాల పిల్లల్ని చూడటానికి కమిషన్ బయల్దేరింది. ఆ పిల్లలు అక్కడి లెక్కలో లేరు, ఇక్కడి లెక్కలోనూ లేరు. పేరు లేని పిల్లల దగ్గరికి మనమే వెళ్ళాలి అన్నది ఆవిడ పల్లెల్లో నేర్చుకున్న పనే, ఢిల్లీ పోయినా అదే చేశారు. విద్యాహక్కు చట్టం అమలవుతోందో లేదో చూసే బాధ్యత కూడా చట్టమే ఆ కమిషన్‌కి ఇచ్చింది.

ఇప్పుడు మీ పాప విషయం, కోవూరు అమ్మాయ్. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చదువు. బడి మానేసిన పిల్లని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడింది కాబట్టి స్పెషల్ ట్రైనింగ్ ఇవ్వాలి. క్యాంపుల్లో ఒంగోలు వాలంటీర్ చేసిన పని ఇప్పుడు చట్టంలో హక్కుగా ఉంది. పద్నాలుగో సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని ఏ పిల్లనీ కాదనకూడదు. యానాదుల ఇళ్ళల్లో ఆధార్, బర్త్ సర్టిఫికెట్ లేక ఎక్కువగా ఆగేది ఇక్కడే, కాబట్టి ఈ సెక్షన్ నంబర్ గుర్తుపెట్టుకో. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాల్సిందే, పదిహేనో సెక్షన్. ఇంకో దారి, పాపకి పదకొండు అంటున్నావు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో ఆరో తరగతికి ప్రయత్నించవచ్చు, బడి మానేసిన ఆడపిల్లల కోసమే పెట్టిన హాస్టల్ బళ్ళు అవి, ఎస్టీ పిల్లలకి ప్రాధాన్యం ఉంటుంది. ఎవరైనా పాపని పనిలో పెట్టుకోవడానికి తీసుకెళ్తున్నారని తెలిస్తే ఆలోచించకుండా 1098కి ఫోన్ చెయ్యి.

కోవూరు అమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్. మాస్టారూ, మీ మాట విని హెడ్మాస్టర్ గారి దగ్గరికి మామూలుగా వెళ్ళి మాట్లాడాను, పాప పేరు పాత రిజిస్టర్లో వెతికిస్తానన్నారు, ఆధార్ లేదంటే ఫర్వాలేదు ముందు రమ్మనండి అన్నారు. వాళ్ళమ్మతోనూ నిన్న మాట్లాడాను. చదివించాలని ఆమెకి బాగా ఉంది, అసలు తనే రెండుసార్లు బడి దాకా పోయి భయపడి వెనక్కి వచ్చిందంట. హాస్టల్‌కి మాత్రం పంపను అంటోంది, ఊళ్ళో బడికైతే పంపుతుంది. మిగిలింది ఒకటే, తమ్ముడు. అంగన్‌వాడీలో అడిగితే మూడేళ్ళు నిండితేనే కూర్చోబెట్టుకుంటాం, అప్పటిదాకా ఇంటికి సరుకులు ఇస్తాం అంటున్నారు. ఇంకా ఏడాదిన్నర ఉంది. అన్నా, మీ ఊళ్ళల్లో ఇలాంటివి వస్తే ఏం చేసేవాళ్ళు?

పాత వాలంటీర్, ఒంగోలు:

చాలా వచ్చేవి చెల్లెమ్మా, ఆడపిల్లలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. మేము ముందు ఆ వాడలోనే చూసేవాళ్ళం, పనికి పోలేని ముసలమ్మ ఎవరైనా ఉంటారు, ఒక్క పిల్లవాణ్ణి కాకుండా మూడు నాలుగు ఇళ్ళ చిన్నపిల్లల్ని కలిపి ఆమె దగ్గర వదిలి, ఆ తల్లులు తలా కొంత ఇచ్చుకునేలా మాట్లాడేవాళ్ళం. నువ్వు ఆ తల్లితో ఒక్కదానితోనే మాట్లాడకు, చిన్నపిల్లలున్న తల్లులందర్నీ ఒక సాయంత్రం కూర్చోబెట్టు, పొదుపు సంఘం లీడర్‌ని పిలువు. అందరి సంతకాలతో ఒక అర్జీ రాసి, చంటిపిల్లల్ని పగలు చూసుకునే ఏర్పాటు కావాలని పంచాయతీకీ, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌కీ ఇవ్వు. ఆ పిల్లని మాత్రం ఇవన్నీ తేలేదాకా ఆపొద్దు, రేపటి నుంచే బడికి తీసుకెళ్ళు. మొదటి వారం నువ్వు కూడా వెంట వెళ్ళు, తరగతిలో ఎవరి పక్కన కూర్చుందో, మధ్యాహ్నం అన్నం తిందో లేదో చూసుకో.